రాజుగారి రసీదు

మన సంఘం ప్రత్యేక సంచికకు సభ్యులు తలా ఒక మహనీయుని జీవితం రాయాలనీ, అందులో దేశం కోసం ఆయుధం పట్టినవారి రికార్డులు, జ్ఞాపకాలు భద్రపరచుకోవడం గురించి కూడా నాలుగు మాటలు ఉండాలనీ కార్యవర్గం వారు కోరారు. నేను రచయితను కాను. ముప్పై అయిదేళ్ళు రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఫైలు మీద నోటు రాయడం తప్ప వేరే రాత ఎరగను. అయినా అల్లూరి సీతారామరాజుగారి గురించి రాయడానికి సాహసిస్తున్నాను. ఆయన కథ మీకందరికీ తెలిసినదే. అయితే ఆయన కథలో ఒక రసీదు ఉంది. నా సర్వీసులో ఒక పొరపాటు ఉంది. ఆ రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయని నాకు రిటైరయ్యాక గాని తెలియలేదు. అందుకే ఈ వ్యాసం.

రాజుగారు 1897 జూలై 4న విశాఖపట్నం జిల్లా పాండ్రంగిలో మాతామహుల ఇంట పుట్టారు. పుట్టిన సంవత్సరం 1898 అని రాసినవారూ ఉన్నారు. తండ్రిగారి వైపు వారిది పశ్చిమగోదావరి జిల్లా భీమవరం దగ్గర మోగల్లు. పెద్దలు పెట్టిన పేరు శ్రీరామరాజు. జనం సీతారామరాజు అన్నారు. లోకంలో ఆ పేరే నిలిచింది. తండ్రి వెంకటరామరాజుగారు రాజమండ్రిలో ఫోటోగ్రాఫరు. తల్లి సూర్యనారాయణమ్మగారు. 1908 గోదావరి పుష్కరాల సమయంలో కలరా వచ్చి తండ్రి పోయారు. అప్పటికి పిల్లవాడికి పదకొండేళ్ళు. పినతండ్రి రామకృష్ణంరాజుగారు నరసాపురంలో తహశీల్దారు. పిల్లవాడి బాగోగులు ఆయనే చూశారు. తరువాత మన ప్రభుత్వ కచేరీల మీదికి విల్లంబులతో వచ్చిన మనిషి ఒక తహశీల్దారుగారి నీడన పెరిగినవాడన్న సంగతి మన శాఖవారు చాలామందికి తెలియదు.

చదువు ఒక ఊళ్ళో సాగలేదు. నరసాపురం, విశాఖపట్నం, తుని ఇలా మారుతూ పోయింది. కాలేజీ చదువు పూర్తి కాలేదు. పుస్తకాల చదువు కంటె జ్యోతిషం, వైద్యం, గుర్రపుస్వారీ మీద ఆసక్తి ఎక్కువ. 1916లో ఉత్తరదేశ యాత్రకు బయలుదేరి పుణ్యక్షేత్రాలన్నీ తిరిగి, 1917లో మన్యం అంచున ఉన్న కృష్ణదేవిపేట చేరారు. చిటికెల భాస్కరుడుగారు ఆయనకు ఆశ్రయం ఇచ్చారు. అక్కడ తపస్సు చేసుకుంటూ, వచ్చినవారికి మందులిస్తూ, ముహూర్తాలు చెబుతూ ఉండేవారు. కొండల్లోనివారు ఆయనను దేవుడిలా చూసుకున్నారు.

ఆ రోజుల్లో మన్యం పరిస్థితి నాలుగు ముక్కల్లో చెబుతాను. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక కొండవాళ్ళకు తరతరాలుగా ఉన్న పోడు వ్యవసాయం నేరమైపోయింది. అడవిలో పుల్ల విరిచినా, పశువును తోలినా జరిమానా. నర్సీపట్నం నుంచి చింతపల్లి పైకి రోడ్డు వేస్తున్నప్పుడు గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ కొండవాళ్ళ చేత చాకిరీ చేయించి, రోజుకు ఆరణాలు ఇవ్వవలసిన చోట రెండణాలు చేతిలో పెట్టేవాడని చరిత్రకారులు రాశారు. అడిగినవాడికి దెబ్బలు. గాం గంటందొర గ్రామ మునసబుగా ఉండి ఆ పని పోగొట్టుకున్నాడు. ఆయన తమ్ముడు మల్లుదొర. వీళ్ళ అర్జీలు పైకి పోయాయి గాని న్యాయం కిందికి దిగిరాలేదు. అర్జీ ఎక్కడ ఆగుతుందో మనకు చెప్పనక్కరలేదు గదా.

రాజుగారు మొదట ఆయుధం పట్టలేదు. సహాయనిరాకరణ రోజుల్లో కల్లు, సారా మానమని కొండవాళ్ళకు చెప్పారు. తగాదాలు కోర్టులకు తీసుకుపోకుండా ఊళ్ళో పంచాయతీలోనే తీర్చుకోమన్నారు. ఇది ప్రభుత్వానికి నచ్చలేదు. 1922 మొదట్లో ఆయనను పిలిపించి విచారణ చేశారు, నిఘా పెట్టారు. పోలవరం డిప్యూటీ కలెక్టరుగా ఉన్న ఫజులుల్లాఖాన్‌గారు ఆయన మీద సానుభూతి చూపి, పైడిపుట్టలో వ్యవసాయానికి భూమి ఇప్పించారు. ప్రభుత్వ ఉద్యోగుల్లో బాస్టియన్‌లాంటివారూ ఉన్నారు, ఖాన్‌గారిలాంటివారూ ఉన్నారు. ఈ మాట మనవాళ్ళు గుర్తుంచుకోవాలని రాస్తున్నాను.

భూమి ఇచ్చినంతమాత్రాన మనిషి లొంగలేదు. 1922 ఆగస్టు 22న సుమారు మూడువందల మందితో చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డారు. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజులు, మూడు స్టేషన్లు. మొత్తం 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు దండు చేతికి వచ్చాయి. రాజవొమ్మంగిలో నిర్బంధంలో ఉన్న మొట్టడం వీరయ్యదొరను విడిపించారు.

నేను చెప్పదలచిన రసీదు ఇక్కడే వస్తుంది. రాజుగారు తుపాకులు పట్టుకుని ఊరికే వెళ్ళిపోలేదు. స్టేషను డైరీ తెరిపించి, ఏ వస్తువులు ఎన్ని తీసుకుపోతున్నదీ అందులో రాసి, సంతకం చేసి మరీ వెళ్ళారు. దొంగ సంతకం పెట్టి వెళ్ళడు. దొమ్మీ చేసేవాడు జాబితా రాయడు. ఆయన దృష్టిలో అది దోపిడీ కాదు, యుద్ధం. యుద్ధంలో సైన్యం స్వాధీనం చేసుకున్న సరుకుకు లెక్క ఉండాలి. ఆ తరువాత ఫలానా చోటికి వస్తున్నామని ముందుగా కబురు పంపి మరీ వచ్చేవారట. మిరపకాయ టపా అని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. శత్రువు పుస్తకంలో తన లెక్క తానే రాసిన మనిషి ఆయన. గుమాస్తాగా నా మనసుకు ఆయన వీరత్వంలో అన్నిటికంటె ముందు తట్టేది ఈ సంగతే.

ప్రభుత్వం ఊరుకోలేదు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో వస్తున్న పటాలం మీద దండు పొంచి కాల్చింది. ముందు నడుస్తున్న మన దేశపు సిపాయిలను పోనిచ్చి, తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్ ఇద్దరినీ పడగొట్టారు. తరువాత మలబారు స్పెషల్ పోలీసులను దింపారు. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం దగ్గర జరిగిన పోరులో, అదే రాత్రి జరిగిన దాడిలో దండు పదిమందికి పైగా మనుషులను పోగొట్టుకుంది. అది వారికి పెద్ద దెబ్బ. ఆ పోయినవారి పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? ఒక్కటైనా నాకు నోటికి రాదు. కవర్డ్, హైటర్ల పేర్లు మాత్రం రాసుకుంటూ పోతుంటే వాటంతట అవే వచ్చాయి. వాళ్ళిద్దరి సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి.

నాలుగు నెలలు ఎవరికీ కనపడకుండా ఉన్న రాజుగారు 1923 ఏప్రిల్ 17న హఠాత్తుగా అన్నవరంలో కనిపించారు. సత్యనారాయణస్వామిని దర్శించుకున్నారు. జనం హారతులు పట్టారు. అదే ఏడు సెప్టెంబరులో మల్లుదొర నడింపాలెంలో దొరికిపోయాడు. రాజుగారి తలకు ప్రభుత్వం పదివేల రూపాయలు వెల కట్టింది. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ దిగాయి. ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డ్‌ను స్పెషల్ కమిషనరుగా వేశారు. కొండవాళ్ళకు తిండిగింజలు అందకుండా సంతలు కట్టడి చేశారు. గూడేలను బాధించారు. తన కోసం జనం పడుతున్న యాతన రాజుగారికి తెలియకుండా ఉండదు.

1924 మే 6న అగ్గిరాజు దొరికాడు. మరునాడు మే 7న మంప దగ్గర రాజుగారిని పట్టుకుని, కొయ్యూరు తీసుకుపోయారు. అక్కడ మేజర్ గుడాల్ ఆయనను కాల్పించాడు. పారిపోబోతే కాల్చామని ప్రభుత్వం రాసుకుంది. ఆ మాటను జనం నమ్మలేదు. విచారణ లేదు, కోర్టు లేదు, తీర్పు లేదు. అప్పటికి ఆయనకు ఇరవైయేడేళ్ళు నిండలేదు. కృష్ణదేవిపేటలో దహనం చేశారు. సమాధి అక్కడే ఉంది. నెల తిరగగానే జూన్ 7న గంటందొర కూడా పోరులో నేలకొరిగాడు. ఆ తరువాత దండు చెదిరిపోయింది. మల్లుదొర, అగ్గిరాజు మొదలైనవారిని అండమాను పంపించారు.

జీవిత చరిత్ర ఇక్కడితో అయిపోయింది. కాని జ్ఞాపకం కథ ఇక్కడే మొదలైంది.

రాజుగారి జ్ఞాపకానికి కాగితం అక్కరలేకపోయింది. ఆయన చావలేదని చాలా ఏళ్ళు జనం చెప్పుకున్నారు. బుర్రకథలు వచ్చాయి. 1974లో కృష్ణగారి సినిమా వచ్చింది. 1986లో తపాలా బిళ్ళ వచ్చింది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఆయన పేరిట జిల్లాయే వెలిసింది. ఆ జూలై 4న నూట ఇరవై అయిదవ జయంతికి భీమవరంలో ముప్పై అడుగుల కంచు విగ్రహాన్ని ప్రధానమంత్రి ఆవిష్కరించారు. మన ఇళ్ళలో గోడమీద ఉన్న ఆయన రూపం చిత్రకారులు గీసినదీ, సినిమా చూపించినదీ. ఫోటోగ్రాఫరు కొడుకైన ఆయన రూపాన్ని కూడా జనమే నిలబెట్టుకున్నారు.

మరి వెనక నడిచినవాళ్ళ సంగతి? మల్లుదొర అండమాను నుంచి తిరిగివచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. గూడెం కొండల మనిషి ఢిల్లీలో సభలో కూర్చోవడం చిన్న సంగతి కాదు. గంటందొర, ఎండు పడాలు, గోకిరి ఎర్రేసులాంటి పదిమంది పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. మిగిలిన వందలమంది? ఆ దండుకు సంఘం లేదు. సభ్యత్వ రిజిస్టరు లేదు. డిశ్చార్జి సర్టిఫికెట్టు లేదు. పట్టాలం నుంచి వచ్చిన మాజీ సైనికుడికి నెంబరుంటుంది, రెజిమెంటు పేరుంటుంది, జిల్లాలో సైనిక సంక్షేమ ఆఫీసు ఉంటుంది. రాజుగారి సైనికుడికి ఉన్న రికార్డల్లా అతన్ని పట్టుకున్నవాళ్ళు రాసినదే. పోలీసు చార్జిషీటు, కోర్టు తీర్పు, జైలు రిజిస్టరు. అందులో అతను సైనికుడు కాదు, ముద్దాయి. అయినా ఆ ముద్దాయిల జాబితాయే ఈనాడు అతని గౌరవ పత్రం.

ఇప్పుడు నా పొరపాటు సంగతి మనవి చేసుకుంటాను.

నేను 1973లో సర్వీసులో చేరాను. దానికి ముందటేడే, స్వాతంత్ర్య రజతోత్సవాల సందర్భంగా కేంద్ర ప్రభుత్వం సమరయోధులకు పింఛను పథకం పెట్టింది. జైలుకు వెళ్ళినట్టు రుజువు కావాలి. జైలు సర్టిఫికెట్టు గాని, అది దొరకకపోతే కలిసి జైల్లో ఉన్నవారి ధ్రువపత్రం గాని జతపరచాలి. సమరయోధుడు పోతే భార్యకు హక్కు ఉంటుంది. ఆ అర్జీలు చూసే సీటు కొన్నాళ్ళు నా దగ్గర ఉంది. నేనప్పుడు భద్రాచలం వైపు అడవి అంచున ఒక కచేరీలో ఉన్నాను.

రాజుగారి సినిమా మా వైపు టూరింగ్ టాకీసుకు వచ్చిన రోజులు. ఒకనాడు మధ్యాహ్నం ఒక ముసలమ్మ కచేరీకి వచ్చింది. చింతూరు అవతల కూతురి అత్తవారింట ఉంటోంది. పుట్టింది, మెట్టింది తూర్పున గూడెం కొండల్లో. తన మగడు రాజుగారి దండులో నడిచాడనీ, పట్టుబడి రాజమండ్రి జైల్లో ఉండి వచ్చాడనీ, వచ్చాక ఎక్కువ కాలం బతకలేదనీ చెప్పింది. సర్కారు డబ్బు ఇస్తోందని ఎవరో చెబితే వచ్చింది. చేతిలో కాగితం ముక్క లేదు.

నేను కసురుకోలేదు. నీళ్ళిచ్చి కూర్చోబెట్టాను. రుజువు కాగితాలు తెమ్మని చెప్పి పంపించాను. రూలు ప్రకారం నేను చేసింది తప్పు కాదు. ఆమె మళ్ళీ రాలేదు. నేనూ మరిచిపోయాను.

రిటైరయ్యాక మామిడిపూడి వెంకటరంగయ్యగారి సంపాదకత్వాన ప్రభుత్వం అచ్చువేసిన ఆంధ్ర స్వాతంత్ర్యోద్యమ పత్రాల సంపుటాలు ఒక లైబ్రరీలో చూశాను. మద్రాసు ప్రభుత్వపు పాత ఫైళ్ళనుంచి తీసిన పితూరీ కాగితాలు వాటిలో ఉన్నాయి. సరోజినీ రేగానిగారు కూర్చిన సమరయోధుల పేర్ల సంపుటాలు కూడా తిరగేశాను. ముసలమ్మ జ్ఞాపకం వచ్చింది. ఆమె మగడి పేరు వెతుకుదామని కళ్ళజోడు సర్దుకున్నాను. ఏ పేరు వెతకను? ఆమె చెప్పిన పేరు నేను రాసుకోలేదు. నోటిమాటగా వచ్చిన మనిషి గనుక అర్జీ లేదు. అర్జీ లేదు గనుక ఇన్‌వర్డ్ రిజిస్టరులో నెంబరు లేదు. ఆమె వచ్చినట్టు ఆ కచేరీలో ఒక్క అక్షరం కూడా లేదు. పేరు, ఊరు, జైలుకు పోయిన ఏడు అడిగి రాజమండ్రి జైలుకు ఒక్క ఉత్తరం రాసి ఉంటే, అక్కడ రిజిస్టరులో దొరికేదేమో. దొరక్కపోయినా ఆమె అడిగిందన్న సంగతి మిగిలేది. ఉత్తరం ఖరీదు ఆనాడు పావలా.

శత్రువు స్టేషనులో తుపాకులు తీసుకుని రసీదు రాసి వెళ్ళాడు రాజుగారు. ఆయన సైనికుడి భార్య మన స్వతంత్ర ప్రభుత్వపు కచేరీకి వచ్చి వెళితే, రాత నేర్చినవాణ్ణి, జీతం తీసుకుంటున్నవాణ్ణి, నేను రసీదు రాయలేదు. ఈ వ్యాసంలో చెప్పదలచింది ఇంతే.

మా ప్రాంతంలో ఈ సమస్య ఇంకో రకంగా కూడా ఉంది. ఇక్కడ మనుషులు ఉన్నచోటే ఉంటారు, జిల్లాలు తిరుగుతుంటాయి. భద్రాచలం, రేకపల్లి తాలూకాలను 1860లో నిజాం ఇంగ్లీషువారికి ఇచ్చాడు. మధ్యపరగణాల్లో కలిపారు. 1874లో మద్రాసు రాజధాని గోదావరి జిల్లాలోకి వచ్చాయి. 1879లో రంప పితూరీ రేకపల్లి వైపు కూడా పాకింది. 1925లో జిల్లా తూర్పుగోదావరి అయింది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు మన ఖమ్మం జిల్లాకు వచ్చాయి. 2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. 2016లో ఇటువైపు భద్రాద్రి కొత్తగూడెం వేరు జిల్లా అయింది. 2022లో అటువైపు చింతూరు మండలాలు రాజుగారి పేరిట ఏర్పడిన జిల్లాలో చేరాయి. ముసలమ్మ కూతురి ఊరు ఆ విధంగా అప్పట్లో ఆయన పేరు కిందికే వచ్చింది. మంచిదే. కాని జిల్లా మారినప్పుడల్లా ఫైళ్ళు మూటలు కట్టి లారీ ఎక్కిస్తారు. మూట విప్పే మనిషికి ఆ ఊరు తెలియదు. చెద, వాన, బదిలీ – ఈ మూడింటిలో రికార్డుకు ఏది ఎక్కువ చేటు అని నన్నడిగితే బదిలీయే అంటాను.

అందుచేత సభ్యులకు నా మనవి. మన సంఘంలో మాజీ సైనికుల కుటుంబాలున్నాయి. నిజాం రోజుల్లో సరిహద్దు క్యాంపుల్లో ఉన్నవారి పిల్లలున్నారు. జైలుకు వెళ్ళివచ్చినవారి మనవలున్నారు. మీ ఇంట్లో ట్రంకుపెట్టెల్లో ఉన్న డిశ్చార్జి పుస్తకం, పతకం, జైలునుంచి వచ్చిన కార్డు, పాత ఫోటో – వీటిని పాతకాగితాల వాడికి వెయ్యకండి. ఫోటో వెనకాల పెన్సిలుతో పేర్లు రాయండి. కాగితం లేనివారు తెల్లకాగితం మీద అయిదు సంగతులు రాయండి. మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, ఏ ఏట ఏ పటాలంలో లేక ఏ జైలులో ఉన్నాడు, ఈ సంగతి మీకు ఎవరు చెప్పారు. నకలు ఒకటి సంఘం ఆఫీసులో ఇవ్వండి. దానికి ఒక రిజిస్టరు తెరిచి, తెచ్చినవారికి నెంబరు వేసి రసీదు ఇచ్చే పని నేను చేస్తానని కార్యదర్శిగారితో చెప్పాను. జీతం అక్కరలేదు, కుర్చీ చాలు.

మనం బతికి ఉన్నామని రుజువుగా ఏటా లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చుకుంటున్నాం. అది ఇవ్వకపోతే పింఛను ఆగుతుంది. పోయినవారికి ఆ సర్టిఫికెట్టు వాళ్ళు ఇచ్చుకోలేరు. మనమే రాయాలి.

రాజుగారి పేరు ఎవరూ మరిచిపోరు. దానికి మన సాయం అక్కరలేదు. ఆయన వెనక నడిచి, పేరు లేకుండా పోయిన ఆ మనిషికీ, కాలినడకన వచ్చి వట్టి చేతులతో వెళ్ళిన ఆయన భార్యకూ ఈ వ్యాసం నేను ఆలస్యంగా రాస్తున్న రసీదు. నెంబరు వెయ్యడానికి వాళ్ళ పేర్లు నా దగ్గర లేవు.